షుగర్ వచ్చింది.. నాన్నలా నాకూ కాలు తీసేస్తారా?

ప్రశ్న: నా వయసు 43. నిజామాబాద్ జిల్లాలో ఎరువుల దుకాణం నడుపుతున్నాను. నెల క్రితం పరగడుపు షుగర్ 172, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 8.4 వచ్చాయి. రోజుకు రెండు మెట్‌ఫార్మిన్ 500 రాశారు. ‘మొదలుపెడితే జీవితాంతం మింగాలి, కిడ్నీలు పోతాయి’ అని బంధువులు అంటే ఆపేసి కాకరకాయ రసం తాగుతున్నాను. అన్నం మానేసి చపాతీలు తింటున్నాను. మా నాన్నకు షుగర్‌తోనే కాలు తీసేశారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నాకూ అంతేనా?

జవాబు: ముందుగా కాలు సంగతే చెబుతాను, మీ నిద్ర పోగొట్టింది అదే కాబట్టి. షుగర్ వచ్చిన వాళ్లందరికీ కాలు పోదు. ఏళ్ల తరబడి అదుపు తప్పి ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి, రక్తప్రసరణ తగ్గుతుంది. అప్పుడు చెప్పు కరిచినా, ముల్లు దిగినా నొప్పి తెలియదు. ఆ పుండు చీము పట్టి ఎముక దాకా వెళ్తుంది. పొగ తాగే అలవాటుంటే ముప్పు ఇంకా ఎక్కువ. ఇది రాత్రికి రాత్రి జరిగేది కాదు, మధ్యలో ఆపడానికి మీకు చాలా సమయం ఉంది. రోజూ పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. పొలంలోనూ, ఎండకు కాలిన గుడి బండల మీదా ఒట్టి కాళ్లతో నడవొద్దు.

బ్రిటన్‌లో కొత్తగా షుగర్ బయటపడిన ఐదు వేల మందికి పైగా రోగులతో 1977లో యూకేపీడీఎస్ అనే అధ్యయనం మొదలైంది. మొదటి ఏళ్లలో షుగర్‌ను గట్టిగా అదుపు చేసిన వాళ్లకు ఆ మేలు, అధ్యయనం ముగిసిన పదేళ్ల తర్వాత కూడా కనిపించింది. అందుకే మీరు ట్యాబ్లెట్ ఆపేయడం నాకు బాధ కలిగించింది. దయచేసి మీ డాక్టర్‌తో మాట్లాడి వెంటనే మళ్లీ మొదలుపెట్టండి.

మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచేయదు. వాటిని దెబ్బతీసేది అదుపులో లేని షుగర్, బీపీ. కిడ్నీల పనితీరు ముందే బాగా తగ్గిన వాళ్లకు మాత్రం డోసు తగ్గిస్తాం లేదా ఆపేస్తాం. మొదట్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు కావచ్చు. భోజనంతో పాటు వేసుకుంటే చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటాయి. జీవితాంతం వాడాలా అంటే, తొలి రోజుల్లోనే బరువు బాగా తగ్గించుకున్న కొందరికి మందు అవసరం లేని స్థితి వస్తుంది. అది తేల్చాల్సింది రిపోర్టులు చూసిన డాక్టర్, బంధువులు కాదు. కాకరకాయ కూరగా తినండి, మంచిదే. మందుకు బదులుగా మాత్రం వద్దు.

ఇక చపాతీలు. గోధుమ పిండిలో మూడింట రెండు వంతుల దాకా పిండిపదార్థమే. పూటకు ఐదారు లాగిస్తే అన్నం మానిన ఫలితం ఏముంటుంది? ఇష్టమైన అన్నమే తినండి, కొలిచి తినండి. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావే అన్నం. ముందు కూర, పప్పు తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ అంత ఎగబాకదు. రాగులు మంచివని గ్లాసుల కొద్దీ రాగి జావ తాగేవాళ్లున్నారు. మెత్తగా ఉడికిన జావ త్వరగా అరిగి షుగర్‌ను పెంచుతుంది. తిన్న వెంటనే కౌంటర్ దగ్గర కూర్చోకుండా పదిహేను నిమిషాలు నడవండి.

షుగర్ బయటపడింది ఇప్పుడే అయినా, లోపల కొన్నేళ్లుగా ఉండి ఉండవచ్చు. అందుకే కంటి రెటీనా పరీక్ష, కిడ్నీల సంగతి తెలియడానికి మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, కొలెస్ట్రాల్, బీపీ, పాదాల స్పర్శ పరీక్షలు ఈ నెలలోనే చేయించండి. తోబుట్టువులనూ షుగర్ పరీక్ష చేయించుకోమనండి.

ఈ భయం ఒంటరిగా మోయకండి. డాక్టర్ దగ్గరికి మీ భార్యను వెంట తీసుకెళ్లండి, వంట గురించి ఆమె కూడా నేరుగా అడగగలరు. రెండు మూడు వారాలైనా నిద్ర పట్టకపోతే ఆ మాట కూడా డాక్టర్‌కు చెప్పండి, దానికీ చికిత్స ఉంది.

మందు మళ్లీ మొదలుపెట్టిన మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చూడండి. మీ వయసులో సాధారణంగా 7 లోపు ఉండాలి. ఈలోగా విపరీతమైన దాహం, వాంతులు, ఆయాసం, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనిపిస్తే మూడు నెలలు ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.