షుగర్ అదుపులోనే ఉంటే కొత్త మందెందుకు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. షుగర్ మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 7.3 ఉంది. రెండేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు. ఈమధ్య చూపించుకున్న డాక్టరు గారు గ్లిమిపిరైడ్‌ని సగానికి తగ్గించి, ఎంపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. చేర్చారు. "షుగర్ బాగానే ఉంది కదా, ఈ కొత్త మందుతో కిడ్నీలు పోతాయేమో" అని నాన్నగారు వేసుకోవడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వేసుకోమనే చెప్పండమ్మా. ఆ వయసుకి 7.3 మంచి అంకె, దాన్ని ఇంకా దించాలని ఈ మందు రాయలేదు. స్టెంట్ పడిన గుండె కోసం రాశారు. షుగర్ మందుల్లో పాతా కొత్తా తేల్చుకునేటప్పుడు ముందు అడగాల్సింది ఇదే: ఈ మందు రిపోర్టులో అంకెను మాత్రమే దించుతుందా, లేక నాలాంటి రోగిలో గుండెపోటునో, కిడ్నీ దెబ్బతినడాన్నో, చావునో తగ్గించిందని తేలిందా?

ఆ లెక్కన మీ ఇంట్లో ఉన్న మూడు మందులనూ చూద్దాం. మెట్‌ఫార్మిన్ 1957 నుంచి వాడకంలో ఉంది. బరువు ఎక్కువున్న షుగర్ రోగుల్లో మరణాలను 36 శాతం తగ్గించిందని 1998లో వెలువడిన బ్రిటన్ పరిశోధన చూపింది. పాతదైనా దానికి ఆ రుజువు ఉంది కాబట్టే డాక్టరు గారు దాన్ని కదపలేదు. గ్లిమిపిరైడ్ చవక, అంకెను గట్టిగా దించుతుంది. గుండెకి హాని చేయదని తేలింది గానీ, గుండెను కాపాడుతుందని తేలలేదు. పైగా భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది, కొంత బరువూ పెరుగుతుంది. ఎంపాగ్లిఫ్లోజిన్‌ని గుండె జబ్బున్న ఏడు వేల మంది షుగర్ రోగుల్లో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. సుమారు మూడేళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవారు ఉత్తుత్తి (మందు లేని) మాత్ర వేసుకున్నవారిలో నూటికి ఆరుగురైతే, ఈ మందు వేసుకున్నవారిలో నలుగురికి లోపే. దీన్నే "38 శాతం తగ్గింది" అని కూడా చెబుతారు. అదీ నిజమే, కానీ ఏ మందు గురించైనా శాతం వినగానే "నూటికి ఎంతమంది నుంచి ఎంతమందికి?" అని అడగడం అలవాటు చేసుకోండి.

కిడ్నీల సంగతి మీ నాన్నగారు అనుకుంటున్నదానికి తలకిందులు. ఈ రకం మందులు కిడ్నీలు దెబ్బతినే వేగాన్ని తగ్గిస్తాయి. భయం ఎక్కడ పుడుతుందంటే, మొదలుపెట్టిన కొద్ది వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్షలో అంకె) కాస్త పెరుగుతుంది. కిడ్నీ లోపల వడపోసే సన్నని రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గడం వల్ల వచ్చే మార్పు అది. మొదలుపెట్టే ముందు ఒకసారి, నెల తర్వాత ఒకసారి పరీక్ష చేయించండి. కొద్దిగా పెరిగిందని మందు మానేయకండి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు వడపోసే వేగం) ముప్పై శాతం కంటే ఎక్కువ పడిపోతే మాత్రం డాక్టరు గారికి చూపించాలి.

ఇప్పుడు అసలు జాగ్రత్తలు. ఈ మందు పనిచేసేదే షుగర్‌ని మూత్రంలోకి పంపేయడం ద్వారా. అందుకని ఇకపై మూత్ర పరీక్షలో షుగర్ ఎప్పుడూ ప్లస్సుల్లోనే కనిపిస్తుంది. దాన్ని చూసి షుగర్ పెరిగిందనుకుని మాత్రలు పెంచిన కుటుంబాలు ఉన్నాయి, మీరు ఆ పొరపాటు చేయకండి. అదే కారణంగా మర్మావయవాల దగ్గర దురద, ఫంగస్ వస్తాయి. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ నీళ్లతో కడుక్కుని, పొడిగా తుడుచుకుంటే చాలావరకు రావు. వస్తే పూత మందుతో తగ్గుతుంది, అంతమాత్రాన మాత్ర మానక్కర్లేదు. ఒంట్లో నీరు కూడా ఎక్కువ పోతుంది. వేసవిలో పొలం పనికో, ఎండలో ప్రయాణానికో వెళ్లేవాళ్లు, నీరు పోయే బీపీ మాత్రలు కూడా వాడేవాళ్లు లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయేమో గమనించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది కీటోన్ల సమస్య, అంటే కొవ్వు కరిగి రక్తంలో ఆమ్లాలు పేరుకోవడం. అరుదే, కానీ ప్రాణాంతకం. వాంతులు, విరేచనాలు, తిండి సయించని జ్వరం, రోజంతా ఉపవాసం ఉన్నప్పుడు ఈ మాత్ర ఆపేయాలి. మామూలుగా తిండి తినడం మొదలయ్యాక మళ్లీ వేసుకోవాలి. ఆపరేషన్ ఉంటే డాక్టరుతో మాట్లాడి మూడు రోజుల ముందే ఆపాలి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే షుగర్ 180 మాత్రమే చూపించినా ఆస్పత్రికి వెళ్లి, మందు పేరు చెప్పి, కీటోన్ పరీక్ష అడగండి. షుగర్ మరీ ఎక్కువ లేదు కదా అని ఇంటికి పంపేసే ప్రమాదం ఇక్కడే ఉంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఇలాంటప్పుడు ఇన్సులిన్‌ని సొంతంగా మానకూడదు.

గ్లిమిపిరైడ్ ఇంకా సగం ఉంది కాబట్టి షుగర్ పడిపోయే అవకాశం పూర్తిగా పోలేదు. చెమటలు, వణుకు వచ్చి మీటర్‌లో 70 లోపు చూపిస్తే మూడు చెంచాల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి, ఇంకా తక్కువుంటే మళ్లీ ఇవ్వండి. పెరిగాక అన్నమో, ఇడ్లీయో పెట్టాలి. గ్లిమిపిరైడ్ ప్రభావం చాలా గంటలు ఉంటుంది, గంట తర్వాత మళ్లీ పడిపోవచ్చు. రాత్రి పూట అయితే ఒంటరిగా పడుకోనివ్వకండి.

మెట్‌ఫార్మిన్ ఇన్నేళ్లు వాడారు కాబట్టి విటమిన్ బి12 పరీక్ష ఒకసారి చేయించండి, శాకాహారులైతే తప్పనిసరిగా. అరికాళ్ల మంటలు షుగర్ వల్లేననుకుంటారు, చాలాసార్లు బి12 లోపం కూడా తోడై ఉంటుంది.

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం వల్ల గుండెలో మైట్రల్ కవాటం సన్నబడింది, గుండె లయ తప్పింది. రక్తం పలచబడటానికి అసిట్రామ్ వాడుతూ నెలనెలా ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూసే పరీక్ష) చేయించుకుంటున్నాను. మా పక్కింటాయన గుండె దడకి అపిక్సాబాన్ వాడతారు. పరీక్షలూ లేవు, ఆకుకూరల పట్టింపూ లేదు. నేనూ కొత్తదానికి మారొచ్చా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వద్దమ్మా. మీ జబ్బుకి పాత మందే మేలు. పక్కింటాయనకి కవాటం జబ్బు లేకుండా లయ తప్పి ఉంటుంది. అలాంటివారికి కొత్త మాత్రలే మొదటి ఎంపిక, ఎందుకంటే వాటితో మెదడులో రక్తస్రావం తక్కువ. కీళ్లవాతంతో కవాటం దెబ్బతిని లయ తప్పినవారి లెక్క వేరు. మనలాంటి దేశాల్లో ఈ జబ్బు ఎక్కువ కాబట్టి, భారత్ సహా 24 దేశాల్లో నాలుగున్నర వేల మందిని పరిశీలించి 2022లో ఫలితాలు ప్రకటించారు. కొత్త మందు రివరోక్సాబాన్ తీసుకున్నవారి కంటే వార్ఫరిన్ రకం పాత మందు తీసుకున్నవారిలో మరణాలు తక్కువ. అసిట్రామ్ కూడా ఆ రకమే. లోహపు కవాటం వేయించుకున్నవారికీ ఇదే వర్తిస్తుంది: వారిలో ఇంకో కొత్త మందు డాబిగట్రాన్‌ని పరీక్షించినప్పుడు రక్తపు గడ్డలూ రక్తస్రావాలూ పెరగడంతో పరిశోధనను మధ్యలోనే ఆపేశారు.

ఆకుకూరలు మానేయమని ఎవరైనా చెప్పి ఉంటే అది సగం మాట. గోంగూర, తోటకూర, మునగాకు మానక్కర్లేదు, వారానికి ఎంత తింటారో దాదాపు అంతే తింటూ ఉండాలి. నెలంతా మానేసి పండక్కి నాలుగు రోజులు వరసగా తింటే ఐఎన్ఆర్ దిగిపోతుంది. మీకు అది 2 నుంచి 3 మధ్య ఉండాలి. మాత్ర రోజూ ఒకే వేళకు, సాయంత్రం వేసుకోండి. మందుల షాపులో ఒళ్లు నొప్పులకి అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ తెచ్చుకోవద్దు, పారాసిటమాల్ చాలు. విరేచనాలకి వాడే మెట్రోనిడజోల్, ఫంగస్‌కి వాడే ఫ్లుకొనజోల్ ఐఎన్ఆర్‌ని బాగా పెంచుతాయి. టీబీ మందు రిఫాంపిసిన్ పడేస్తుంది. ఇవి ఎవరు రాసినా నాలుగైదు రోజుల్లో ఐఎన్ఆర్ చూపించుకోవాలి. మలం తారులా నల్లగా వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. గర్భం అనుకుంటుంటే నెల తప్పేదాకా ఆగకుండా ముందే గుండె డాక్టరుతో మాట్లాడండి. 6 నుంచి 12 వారాల మధ్య ఈ మందు బిడ్డకి హాని చేస్తుంది, ఆ సమయానికి ఇంజెక్షన్‌కి మార్చే వీలుంది.

ప్రశ్న: బీపీకి టెల్మిసార్టాన్ 40 వాడుతున్నాను. కొత్త డాక్టరు గారు వేరే పేరుతో కొత్త మందు రాశారు. పాతది అయిపోయేదాకా రెండూ వేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ముందు రెండు అట్టలూ తిప్పి, పెద్ద అక్షరాల పేరు కింద చిన్నగా ఉన్న అసలు మందు పేర్లు చదవండి. చాలాసార్లు "కొత్త మందు" అంటే కొత్త పేరు మాత్రమే. టెల్మిసార్టాన్‌కి అమ్లోడిపిన్ కలిపిన మాత్ర అయ్యుండొచ్చు. అప్పుడు రెండూ వేసుకుంటే టెల్మిసార్టాన్ 80 పడి, కళ్లు తిరిగి పడిపోవచ్చు, రక్తంలో పొటాషియం పెరగొచ్చు. ఎస్-అమ్లోడిపిన్ 2.5 అని ఉంటే అది పాత అమ్లోడిపిన్ 5కి సమానం, విడ్డూరమేమీ లేదు. షుగర్ మాత్రల పేరు చివర ఎం1, ఎం2 అని ఉంటే సాధారణంగా గ్లిమిపిరైడ్ 1 లేదా 2 మి.గ్రా.కి మెట్‌ఫార్మిన్ కలిపారని అర్థం. వాటి పక్కన విడిగా మెట్‌ఫార్మిన్ కూడా ఉంటే డాక్టరుని అడగండి. బీపీకి పాతదని చులకన చేయక్కర్లేదు: 33 వేల మందిలో జరిగి 2002లో వెలువడిన అమెరికా పరిశోధనలో చవకైన పాత మందు క్లోర్తాలిడోన్, అప్పటి కొత్త మందుల కంటే ఏమాత్రం తీసిపోలేదు.

ప్రశ్న: ఏ కొత్త మందైనా మార్కెట్లోకి వచ్చాక ఎన్నేళ్లు ఆగి వాడితే క్షేమం?
- ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: దానికి లెక్క ఉంది. మూడు వేల మందిలో పరీక్షించినప్పుడు ఒక దుష్ఫలితం ఒక్కరిలోనూ కనిపించలేదంటే, అది వెయ్యిలో ఒకరికి దాకా ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. పదివేలలో ఒకరికి వచ్చేది ఆ పరీక్షలో కనిపించకపోయే అవకాశమే ఎక్కువ. అందుకే లక్షల మంది వాడాకే కొన్ని బయటపడతాయి. షుగర్‌కి వచ్చిన ట్రోగ్లిటజోన్ అమెరికాలో 1997లో వచ్చి, కాలేయాలు చెడి 2000లో పోయింది. నొప్పుల మందు రోఫెకాక్సిబ్ 1999లో వచ్చి, గుండెపోట్ల వల్ల 2004లో పోయింది. రోసిగ్లిటజోన్ షుగర్‌ని చక్కగా దించుతూనే గుండెకి చేటు చేస్తుందన్న అనుమానంతో 2010లో మన దేశంలో నిషేధానికి గురైంది.

కాబట్టి నా సలహా జబ్బును బట్టి ఉంటుంది. పాత మందుతో జబ్బు అదుపులో ఉండి, కొత్తదానికి అంకె తగ్గించడం తప్ప వేరే రుజువు లేకపోతే నాలుగైదేళ్లు ఆగడం తెలివైన పని. మన నిబంధనల్లోనూ అనుమతి వచ్చిన నాలుగేళ్ల వరకు దాన్ని "కొత్త మందు"గానే పరిగణిస్తారు. పాత మందు పనిచేయకపోతే, క్యాన్సర్‌లా కాలం మించిపోయే జబ్బయితే, ఆగడమే పెద్ద ప్రమాదం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 80 దాటినవారు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మందుల పరీక్షల్లో వాళ్లని చాలావరకు చేర్చుకోరు.

కొత్త మందు మొదలుపెట్టేటప్పుడు దాంతోపాటు ఇంకో మందు గానీ, మూలికా పొడి గానీ మొదలుపెట్టకండి, ఏది దేనివల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది. మొదలుపెట్టిన తేదీ, మోతాదు, బ్యాచ్ నంబరు రాసి పెట్టుకోండి. దద్దుర్లు, కళ్లు పచ్చబడటం, మొహం వాపు లాంటివి వస్తే వెంటనే డాక్టరుకి చూపించి, దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ విభాగానికి 1800-180-3024కి ఉచితంగా ఫోన్ చేసి చెప్పండి. డాక్టరే చెప్పాలని లేదు, రోగి గానీ ఇంట్లోవాళ్లు గానీ చెప్పొచ్చు. మందు అట్టను పారేయకుండా దగ్గర పెట్టుకుని ఫోన్ చేస్తే మందు గురించి వాళ్లడిగే వివరాలు దాని మీదే ఉంటాయి.