ముందు నీళ్ళు ఎటు పోతాయో చూడండి

హైదరాబాద్ పాత వీధుల చరిత్ర చూసుకుంటూ మేం నడిచే ఆదివారం నడకల గురించి పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాశాను. అప్పటినుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. విడివిడిగా రాయడం నా వల్ల కాదు కనుక కొన్ని ఏరి ఇక్కడే జవాబిస్తున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్ళకు ఒక మాట. నేను చరిత్ర చదివినవాణ్ణి కాను, 31 ఏళ్ళు లేఅవుట్లు గీసిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. కాగితం మీద గీతలుగా మాత్రమే చూసిన వీధులను రిటైరయ్యాక కాళ్ళతో చూడటం మొదలుపెట్టాను.

మా అపార్ట్‌మెంట్లో పన్నెండు కుటుంబాలం కలిసి ఒక ఆదివారం పాతబస్తీలో నడుద్దామనుకుంటున్నాం. పిల్లలు కూడా వస్తారు. చార్మినార్, గాజులు, బిర్యానీ తప్ప మాకేమీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టి ఏం చూపించాలి సార్? (ఒక గృహిణి, అత్తాపూర్)

అమ్మా, చార్మినార్ దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. సెల్ఫీలకే అరగంట పోతుంది. ఆ తర్వాత పిల్లలకు ఆకలి, పెద్దవాళ్ళకు షాపింగ్. చార్మినార్‌ను చివరికి ఉంచుకోండి.

పొద్దున ఆరున్నరకల్లా ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కిందికి చేరండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. ఊరు మొత్తం మీద 15 వేల మంది దాకా పోయారని అంచనా. నేనయితే అక్కడ ఉపన్యాసమేమీ ఇవ్వను. పిల్లలను చెట్టు కింద నిలబెట్టి, అంతమంది ఎక్కడెక్కడ కూర్చుని ఉంటారో చెప్పమంటాను. ఒకసారి ఒక ఏడేళ్ళ పాప వేలితో కొమ్మలు లెక్కపెట్టి, "తాతా, చోటు చాలదు కదా" అంది. పెద్దవాళ్ళంతా ఒక్కసారిగా తలెత్తి చూశారు. ఆ రాత్రి చోటు చాలనివాళ్ళ సంగతి వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

అక్కణ్ణుంచి నయాపూల్ వైపు నడవండి. వంతెన ఇంకా రాకముందే, ఆటోలు లేని చోటు చూసి, సీసాలో నీళ్ళు రోడ్డు మీద కాసిని పోయించండి. అవి ఎటు పారతాయో పిల్లలే చెబుతారు. వంతెన దాటాక మదీనా కూడలి దగ్గర మళ్ళీ పోయించండి. ఇంజనీర్లు లెవెల్ మిషన్ పెట్టి చూసేది కూడా ఈ వాలునే. ఊరు నదికి ఎక్కడ తలవంచిందో, ఎక్కడ తల ఎత్తిందో ఆ కాసిని నీళ్ళలోనే కనబడుతుంది.

వంతెన మీద మాత్రం పది నిమిషాలు నిలబడండి. వాసన వస్తుంది, తప్పదు. ఒక గట్టున హైకోర్టు, ఎదుటి గట్టున ఆసుపత్రి. రెండూ వరద తర్వాత కట్టినవే. హైకోర్టు తెరిచింది 1920లో. ఆ వరదలో అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిని రాకపోకలు తెగిపోయాయి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది. ఇంకో సంగతి, పురానాపూల్ వయసు హైదరాబాద్ కంటే ఎక్కువ. ముందు వంతెన, 13 ఏళ్ళకు ఊరు. ఈ మాట చెప్పగానే ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోన్ తీసి సరిచూసుకుంటారు. నాకు ఆనందమే.

వరద మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. మనమైతే నదికి ఎత్తుగా గోడలు కట్టేవాళ్ళం. ఆయన చూపు ఎగువకు పోయింది. మూసీ పరీవాహకంలో అప్పట్లో 800కు దగ్గరగా చెరువులుండేవి. ఆ వానకు 200 పైచిలుకు తెగి, ఒకదాని నీళ్ళు ఇంకోదాని మీద పడి, అంతా కలిసి ఊరి మీదికి వచ్చింది. అందుకని ఎగువనే నీటిని ఆపాలన్నారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. మొదటిదాన్ని మనం గండిపేట అంటాం. ముంచిన నదినే ఆపి ఊరికి తాగునీళ్ళిచ్చారు. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడని మా చిన్నప్పటి మాట.

ఇక ఊరి లోపలి పని 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుది. ఇరుకు గల్లీలు కొట్టి రోడ్లు వెడల్పు చేయడం, డ్రైనేజీ, ఇళ్ళు కోల్పోయినవాళ్ళకు కొత్త ఇళ్ళు, బజార్లు, అన్నీ వాళ్ళే చూశారు. మీరు మదీనా దాటి అడుగుపెట్టే పత్తర్‌గట్టి కూడా ఆ బోర్డు కట్టిందే. రోడ్డుకు రెండు వైపులా ఒకే తీరు రాతి కమాన్లు, కింద అంగళ్ళు, పైన ఇళ్ళు. ఆదివారం పొద్దున షట్టర్లు దించి ఉంటాయి, బేరగాళ్ళు ఉండరు. ఫ్లెక్సీ బోర్డుల మధ్యనుంచి చెక్కిన రాయి అక్కడక్కడా బయటపడుతుంది. ఎండలో, వానలో సరుకు కొనేవాడు తడవకుండా నడవడానికి నీడ ఎంత వదిలారో చూడండి. ఇవాళ మన కొత్త కాలనీల్లో ఫుట్‌పాత్ అంటే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే స్థలం.

పక్క గల్లీల్లోకి వెళితే గుమ్మాల మీద ఇంటి నంబర్లు చదివించండి. మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. దాని వెనక అడ్డగీతలు, ఏలు, బీలు, మళ్ళీ ఒకట్లు రెండ్లు ఉంటే ఆ ఇల్లు ఎన్నిసార్లు పంచుకున్నారో అర్థమవుతుంది. ఒక గుమ్మం మీద నాలుగు అడ్డగీతలు చూశాను. అన్నదమ్ముల పంపకాలకు అంతకంటే రికార్డు అక్కర్లేదు.

మచ్లీ కమాన్ దాటగానే మధ్యలో గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్. దాని చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. పిల్లలను నాలుగు జట్లు చేసి హౌజ్ నుంచి ఒక్కో కమాన్‌కు అడుగులు లెక్కపెట్టమనండి. 1591లో ఊరి నడుమ చార్మినార్ నిలిపి నాలుగు దిక్కులా రోడ్లు గీసినవాళ్ళ చేయి ఎలాంటిదో వాళ్ళకే తడుతుంది. పడమటి కమాన్ ఒకప్పుడు రాజభవనాలకు దారి. ఇప్పుడు అటు వెళితే నగల కొట్లు.

అప్పటికి ఎనిమిదిన్నర అవుతుంది. ఇక చార్మినార్, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. మొత్తం నడక రెండు కిలోమీటర్లు కూడా ఉండదు కానీ రెండు గంటలు పడుతుంది. ఎవరైనా గంటలో ముగించామంటే వాళ్ళు చూడలేదని అర్థం.

ఒక హెరిటేజ్ వాక్‌కు వెళ్ళాను. నడిపించినాయన చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందని, భాగమతి ప్రేమకథ అని గంటసేపు చెప్పాడు. డబ్బులు దండగ అనిపించింది. మీరు కూడా ఇలాంటివి చెబుతారా? (ఒక లెక్చరర్, దిల్‌సుఖ్‌నగర్)

చెబుతాను, కానీ కథ అని చెప్పి మరీ చెబుతాను. జనం నోట్లో 100 ఏళ్ళుగా ఉన్న కథను కాదని తోసేస్తే వీధిలో సగం పోయినట్టే. గోల్కొండ దాకా సొరంగం తవ్వితే ఆ మట్టి ఎక్కడ పోశారని అడగండి చాలు, గుంపులో ఎవరో ఒకరు లెక్క వేస్తారు.

తప్పులు నేనూ చేశాను. మొదటి ఏడాది పత్తర్‌గట్టి కమాన్లు చూపించి కుతుబ్‌షాహీల పనితనం అని గొప్పగా చెప్పాను. అత్తరు కొట్టు తెరుస్తున్న ఒక పెద్దాయన చేతిలో తాళాలు అలాగే పట్టుకుని, "నై సాబ్, యే తో మేరే దాదా కే జమానే మే బనా" (కాదు సార్, ఇది మా తాత కాలంలో కట్టింది) అన్నాడు. ఇరవై మంది ముందు నా మొహం చూడాలి. ఆ రోజు నుంచి నడకకు ముందు శనివారం ఒక్కణ్ణే వెళ్ళి కొట్లవాళ్ళను అడిగి వస్తాను. ఆయన ఆ తర్వాత మా ప్రతి నడకలో పది నిమిషాలు మాట్లాడతాడు, నేను పక్కన నిలబడతాను. మీరు డబ్బులు కట్టిన నడకలో ఆ వీధివాడు ఒక్కడైనా మాట్లాడాడా? లేకపోతే దండగే.

మా కాలేజీలో సైకిళ్ళ గ్రూపు ఉంది. హైదరాబాద్‌లోలాగా ఇక్కడ కూడా హిస్టరీ రైడ్ చేయాలని ఉంది. నడక మంచిదా, సైకిల్ మంచిదా అంకుల్? (ఒక విద్యార్థి, హనుమకొండ)

బాబూ, గల్లీకి నడక, వలయానికి సైకిల్. మీ ఊళ్ళో వలయాలే ఉన్నాయి. ఓరుగల్లు కోటను కాగితం మీద గీసి చూడు. మధ్యలో నాలుగు దిక్కులా కీర్తితోరణాలు, దాని చుట్టూ 45 బురుజుల రాతి కోట, దానికి అగడ్త, ఆ వెలుపల మట్టికోట. రాతి కోట అడ్డంగా కొలిస్తే కిలోమీటరు పైచిలుకు, మట్టికోట దాదాపు అంతకు రెట్టింపు. గణపతిదేవుడు, రుద్రమదేవి కాలం నాటి పని అది. నడిస్తే మధ్యలోని తోరణాల దగ్గర ఫోటో దిగి తిరిగి వస్తారు. సైకిలయితే మట్టికోట మొత్తం చుట్టొచ్చు. గట్టు ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ తవ్వి పొలాల్లో కలిపేసుకున్నారో మీ తొడలే చెబుతాయి.

రాతి కోట ద్వారాల దగ్గర మాత్రం దిగి నడిపించుకు వెళ్ళండి. నేరుగా లోపలికి పోలేరు. ఒకసారి పక్కకు తిరిగి, మళ్ళీ తిరిగితేగానీ దారి రాదు. ఏనుగులతో, గుర్రాలతో దూసుకొచ్చే సైన్యం జోరు ఆ మలుపులో విరగాలని అలా కట్టారు. ఇప్పటికీ అక్కడ ఊరు ఉంది, ఆటోలు, పాల క్యాన్ల బండ్లు ఆ మలుపులు తిరిగే వెళుతున్నాయి. ఒక పావుగంట అక్కడ కూర్చుని ఎవరు ఎలా మలుపు తీసుకుంటారో చూడండి. హారన్ కొట్టనివాడు లోపలి ఊరివాడు.

పంక్చర్ కిట్టు తీసుకెళ్ళు. తుమ్మముళ్ళు ఎక్కువ.

మే నెల మొదటి వారాంతంలో ఇక్కడ జేన్స్ వాక్ జరుగుతుంది. తెలుగువాళ్ళం కొందరం తెలుగులోనే ఒక నడక నడిపిద్దామంటే, మన ఊరు కాని ఊళ్ళో మనమేం చెబుతామని కొందరు వెనకాడుతున్నారు. (ఒక పాఠకుడు, మిస్సిసాగా, కెనడా)

నిరభ్యంతరంగా నడిపించండి. నగరాల గురించి రాసిన రచయిత్రి, టొరంటోలో నివసించి 2006లో చనిపోయిన జేన్ జేకబ్స్ పేరు మీద మరుసటి ఏడాది ఆ ఊళ్ళోనే మొదలైన నడకలవి. ఊరి గురించి ప్లాన్లు గీసేవాడి కంటే వీధిలో బతికేవాడికి ఎక్కువ తెలుసన్నది ఆవిడ వాదం. ప్లాన్లు గీసినవాణ్ణే అయినా నేను ఒప్పుకుంటాను. టికెట్టు లేదు, పరీక్ష లేదు. మీరు మొదట దిగిన అద్దె ఇల్లు, మొదటి బస్సు స్టాపు, కరివేపాకు దొరికిన మొదటి కొట్టు, ఇవి చూపించినా అది ఆ ఊరి చరిత్రే. మేం మాత్రం హైదరాబాద్‌లో మే నెలలో చేయలేం. డిసెంబరులో చేస్తాం.

మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు టొరంటోలో అలాంటి ఒక నడకకు వెళ్ళాను. గారిసన్ క్రీక్ అనే వాగు వెంట నడక. వాగు కనబడదు, ఎప్పుడో మురుగు కాల్వ చేసి భూమిలోకి తోసేశారు. క్రాఫర్డ్ స్ట్రీట్‌లో ఆ వాగు లోయ మీద 1915 ప్రాంతంలో మూడు కమాన్ల వంతెన కట్టారు. 1960లలో లోయ పూడ్చేటప్పుడు వంతెనను పడగొట్టలేదు, దాన్నీ మట్టిలో అలాగే పాతిపెట్టేశారు. మేం నిలబడ్డ రోడ్డు కింద ఆ వంతెన మొత్తం ఉందట. చదునైన రోడ్డు, రెండు పక్కలా చెట్లు, ఎవరో కుక్కను తిప్పుతున్నారు. నడిపిస్తున్నావిడ కొంచెం దూరం తీసుకెళ్ళి ఒక మ్యాన్‌హోల్ మూత చూపించి, వంగి వినమంది. నా మోకాళ్ళు సహకరించవు కానీ వంగాను. కింద నీళ్ళు పారుతున్న చప్పుడు.