అందరూ వరుస కడితే మీరు లేవకండి

మాస్టర్స్‌కి జర్మనీలోని ఫ్రైబుర్గ్ వచ్చిన మన పిల్లలు మా ఇంటికి భోజనానికి వస్తే తప్పకుండా అడిగేది ఒకటుంది: "అక్కా, ఊరి మధ్యలో ఆ పెద్ద చర్చి, మ్యూన్‌స్టర్‌లోకి మనల్ని రానిస్తారా? చెప్పులెక్కడ విప్పాలి?" రానిస్తారు. చెప్పులు విప్పక్కర్లేదు, మగపిల్లలు టోపీ మాత్రం తీసేయండి. లోపలికి టికెట్ లేదు, గోపురం ఎక్కడానికే ఉంటుంది.

అసలు జాగ్రత్త వేరే. ఇది మ్యూజియం కాదు, పూజ జరిగే గుడి. ఆ టైమ్‌లో ఫోన్ పట్టుకుని తిరగకండి, కూర్చుంటే వెనక బెంచీల్లో కూర్చోండి. నేను వచ్చిన కొత్తలో అలాగే కూర్చున్నాను, అందరూ లేచి వరుస కడుతుంటే ప్రసాదం పెడుతున్నారనుకుని నేనూ వెళ్లి చెయ్యి చాపాను. అది దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా భావించి ఇచ్చే రొట్టె, క్యాథలిక్కులకే. (గుంటూరు వైపు ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్ వాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు.) బయటికొచ్చాక ఒక ముసలావిడ మెల్లగా చెప్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గుమ్మం దగ్గర తొట్టిలో నీళ్లూ తీర్థం కాదు, తాగకండి. కొవ్వొత్తి వెలిగించుకోవచ్చు, డబ్బాలో చిల్లర వేసి.

ఇక చూడాల్సింది రంగుటద్దాల కిటికీలు. మన గుళ్లలో ట్యూబ్‌లైట్ మీద కూడా దాత పేరు రాస్తారు కదా, ఇక్కడ రొట్టెలవాళ్ల సంఘం ఇచ్చిన కిటికీలో ప్రెట్జెల్ (ముడివేసినట్టుండే రొట్టె), చెప్పులు కుట్టేవాళ్లు ఇచ్చినదాంట్లో బూటు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో వీటిని ముందే ఊడదీసి దాచారు కాబట్టి మిగిలాయి. 1944 నవంబర్ 27 రాత్రి బాంబులకి చుట్టుపక్కల ఇళ్లు నేలమట్టమయ్యాయి, 116 మీటర్ల ఈ గోపురం మాత్రం నిలబడింది. 1330 ప్రాంతంలో పూర్తయిన కట్టడం అది, పైభాగమంతా జల్లెడలా చెక్కిన రాయే.

ఆదివారం కాకుండా మిగతా రోజుల్లో పొద్దున్నే వెళ్లండి, చుట్టూ సంత ఉంటుంది. గోపురం కింద ముఖద్వారం గోడ మీద 1270, 1317 నాటి రొట్టె కొలతలు చెక్కి ఉంటాయి, కొన్నది తీసుకెళ్లి అక్కడ పెట్టి చూసి, రొట్టెలవాడు మోసం చేశాడో లేదో తేల్చుకునేవాళ్లట. సంతలో అమ్మే పొడుగాటి ఎర్ర సాసేజ్ పంది మాంసం, తిననివాళ్లు అడిగి తీసుకోండి. తింటూ దక్షిణం వైపు తలెత్తితే, నోట్లోంచి కాకుండా వెనకనుంచి వాననీళ్లు వదిలే రాతి బొమ్మ ఒకటి కనిపిస్తుంది, మా అమ్మకి చూపిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరగంట నవ్వింది.