స్పేస్ స్టేషన్ చెప్పిన టైముకు రాలేదంటే ముందు తేదీ చూడండి

అన్నా, దేవరకొండలో పిల్లల్ని డాబా ఎక్కించి చూస్తే యాప్ చెప్పిన 7:12కు స్పేస్ స్టేషన్ రాలేదని, మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని రాశారు. మీరు చూసింది స్టేషనే అయ్యుంటుంది. యాప్‌లోని కక్ష్య లెక్కే పాతబడి ఉంటుంది.

స్టేషన్ తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడా పలుచగా గాలి ఉంటుంది, అది రోజూ కొంచెం కిందికి దించుతుంది. అప్పుడప్పుడు ఇంజన్లు వెలిగించి మళ్లీ పైకి లేపుతారు. లేపాక పాత లెక్కను నమ్మలేం.

సెలెస్‌ట్రాక్ సైట్లో (ఉపగ్రహాల కక్ష్య వివరాలు అక్కడ ఉంటాయి) ఐఎస్ఎస్ టీఎల్ఈ తెరవండి. ఐఎస్ఎస్ అంటే ఈ స్పేస్ స్టేషనే, టీఎల్ఈ అంటే దాని కక్ష్య లెక్కను రెండు లైన్లలో రాసింది. రెండు లైన్ల అంకెలు చూసి భయపడొద్దు, మీకు కావాల్సింది మొదటి లైన్లో ఒక్కటే, ఆ లెక్క ఏ తేదీదో చెప్పే అంకె. అక్కడ 25200.5 అని ఉందనుకోండి: 2025లో 200వ రోజు, అంటే జులై 19. పాయింట్ ఐదు అంటే మధ్యాహ్నం 12, కానీ అది గ్రీనిచ్ టైము. ఐదున్నర గంటలు కలిపితే మనకు సాయంత్రం 5:30. ఈ తేదీ మీరు చూసే రోజుకు ఒకట్రెండు రోజుల ముందుదైతే నాకు చాలు.

ఇదంతా ఎందుకనుకుంటే స్టేషన్ ఎప్పుడు కనిపిస్తుందో చెప్పే హెవెన్స్ అబవ్ సైటు వాడండి. ఊరు మాత్రం హైదరాబాద్ అని వదిలేయొద్దు. 16.7 ఉత్తరం, 78.9 తూర్పు అని మీ ఊరిదే పెట్టండి, లేకపోతే ఎత్తు కోణం తేడా కొడుతుంది.

నడినెత్తిన ఉండగానే మాయమైతే పిల్లలకు చెప్పండి, అది భూమి నీడలోకి వెళ్లిందని.