పూర్తికాల సేవకు వెళ్లాలా అని అడిగిన నీకు

సికింద్రాబాద్

చిరంజీవి బాబుకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం నిదానంగా చదివాను. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి దేవుని కోసం పూర్తిగా బతకాలన్న ఆశ నీలో పెరుగుతోందని రాశావు. హైటెక్ సిటీలో కంప్యూటర్ ముందు కూర్చుంటే రోజులు వృథా అవుతున్నట్టు ఉందనీ, ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు వెళ్లిపోవాలా అనీ అడిగావు. ఆ ఆశ చూసి నా మనసు నిండిపోయింది. నీ వయసులో ఈ ఆకలి అందరికీ కలగదు. దాన్ని చల్లారనివ్వకు.

ఉద్యోగం గురించి మాత్రం సూటిగా చెబుతాను. ఇప్పుడే మానేయకు. పిలుపు నిజమైనదైతే ఏడాది ఆగినంత మాత్రాన ఎక్కడికీ పోదు. ఈ ఏడాది నువ్వు కూర్చున్న కుర్చీలోనే పూర్తికాలం దేవుని మనిషిగా బతికి చూడు. పౌలు కొరింథులో డేరాలు కుడుతూనే సువార్త చెప్పాడు. ఏమి చేసినా ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమని కొలొస్సయులకు రాశాడు కదా, ఆ మాట ఎవరితో అన్నాడో ఒకసారి తీసి చూడు. సంఘ కాపరులతో కాదు, యజమానుల ఇళ్లలో చాకిరీ చేసే దాసులతో. తమ కష్టం మీద తమకే హక్కు లేని ఆ మనుషుల పనిని దేవుడు తన సేవగా ఎంచుకున్నాడు. నీ పనిని ఎంచుకోడా?

ముందు వాక్యం సంగతి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు ఉన్నాయి. వారానికి ఐదు పనిదినాలనుకుంటే ఏడాదికి 260 రోజులు. ఆఫీసుకు వెళ్లే రోజుకు ఒక్క అధ్యాయం చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. తార్నాకలో మెట్రో ఎక్కి పుస్తకం తెరువు. అమీర్‌పేటలో జనం తోసుకుని ఎక్కేసరికి అధ్యాయం అయిపోతుంది, అప్పుడు మూసేయి. అక్కడి నుంచి నువ్వు దిగేదాకా ఆ రోజు ఎదురుపడబోయే వాళ్ల కోసం ప్రార్థించు. నీ మేనేజరు, నీతో మాట పడని సహోద్యోగి, మీ అంతస్తు తుడిచే ఆమె. పేర్లు పెట్టి ప్రార్థించు. తుడిచే ఆమె పేరు తెలియకపోతే ఆ రోజే అడిగి తెలుసుకో. శని, ఆదివారాల్లో ఇంట్లో తలుపు వేసుకుని ఒక్కో కీర్తన నెమ్మదిగా, పైకి చదువు. చదివినదాన్ని వెంటనే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవద్దని నా మనవి. తలుపు వేసుకోమన్నది ప్రభువే.

ఇప్పుడు నువ్వు ఉత్తరం చివర్లో అలా తాకి వదిలేసిన మాటకు వస్తాను. అద్దె రసీదుల సంగతి. పన్ను మినహాయింపు కోసం ఆఫీసువాళ్లు రసీదులు అడిగినప్పుడు, కట్టని అద్దె కట్టినట్టు నాన్న పేరున రాసుకోమని సంఘంలోని స్నేహితుడే సలహా ఇచ్చాడన్నావు. పాత పద్ధతిలో పన్ను కట్టేవారికి ఇంటి అద్దె భత్యం మీద మినహాయింపు ఉంది. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ నంబరు ఇవ్వాలి. అందుకే కొందరు నెలకు 8,300 అని రాసుకుని లక్ష లోపే ఆపేస్తారు. నువ్వు నిజంగా మీ నాన్న ఇంట్లో ఉంటూ ఆయనకు అద్దె ఇస్తూ, ఆయన దాన్ని తన ఆదాయంలో చూపిస్తుంటే అందులో తప్పేమీ లేదు. నువ్వు తార్నాకలో, నాన్న నరసాపురంలో ఉండగా రాసే రసీదు మాత్రం అబద్ధం. దాని మీద మీ నాన్న చేత సంతకం పెట్టించడం ఆయనను కూడా అందులోకి దింపడమే. అందరూ చేస్తున్నారన్న మాట నా చెవిన పడనివ్వకు. జక్కయ్య పన్నుల వాళ్లలో పెద్ద. యేసు తన ఇంటికి వచ్చినప్పుడు అతని నోట వచ్చినది లెక్కల మాట: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని ప్రభువు అన్నది ఆ తర్వాతే.

లేని అనుభవం ఉన్నట్టు ఉద్యోగ దరఖాస్తులో రాసుకోవడం కూడా ఇలాంటిదే. అలా చేసి ఉద్యోగం వచ్చాక ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పిన పిల్లలను చూశాను. విన్నప్పుడు చాలా బాధపడ్డాను.

నేను పని చేసిన లెక్కల కార్యాలయంలో మా సూపరింటెండెంటు గారు విశ్వాసి. ఆయన ఆఫీసులో వాక్యం చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. ఆయన బల్ల మీదికి కుటుంబ పింఛను ఫైలు వస్తే, పై మూలన పెన్సిలుతో చిన్నగా ఒక తేదీ వేసేవారు. ఆ ఫైలులోని భర్త చనిపోయిన తేదీ అది. ఫైలు చేతులు మారి మళ్లీ తన దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ అంకె చూసేవారు. అతని భార్య ఎన్నాళ్లుగా డబ్బు లేకుండా గడుపుతోందో ఆయనకు అడగకుండానే తెలిసేది. దిగువ సెక్షన్లో ఆగిపోతే తనే లేచి వెళ్లేవారు. ఫైలు పూర్తయ్యాక రబ్బరుతో తేదీ చెరిపేసేవారు. ఉద్యోగంలో భక్తి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆయన గురించే చెబుతాను. నీ పనిలో అలాంటి తేదీ ఎక్కడుందో వెతుక్కో. నువ్వు రాసే ప్రోగ్రాముకు అవతల కూడా ఎవరో ఒక మనిషి ఎదురుచూస్తూ ఉంటాడు.

నువ్వూ నీ స్నేహితులూ కలిసి ఉండే ఇంట్లో వంటమనిషి ఉందన్నావు. సంక్రాంతికి మీరంతా ఊళ్లకు వెళ్లిన పది రోజులకు ఆమె జీతం కోస్తున్నారా? కోస్తే ఈ నెల నుంచే మానేయండి. మీరు సెలవు తీసుకున్నారు, ఆమె కాదు. కూలివాని కూలి సూర్యుడు అస్తమించకముందే ఇవ్వమని ధర్మశాస్త్రం చెబుతోంది. నిలిపేసిన కూలి మొరపెడుతుందని యాకోబు రాశాడు. మనం క్రిస్మస్‌కు చూసి వచ్చే మెదక్ గుడి ఎలా లేచిందో నీకు తెలుసు కదా. కరువు కాలంలో ఆకలితో వచ్చిన జనానికి చార్లెస్ పాస్నెట్ దొర నిర్మాణంలో పని ఇచ్చి తిండి పెట్టాడు. పదేళ్ల కష్టం తర్వాత 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. ఆ గోపురం కింద ప్రార్థించి వచ్చిన వాళ్లం, పనిమనిషి దగ్గర ఐదు వందలకు బేరమాడకూడదు.

దశమభాగం ఇస్తున్నావు, సంతోషం. ఇస్తూనే ఉండు. కానీ స్నేహితుడి బాకీ ఆపి, వంటామె జీతం ఆపి కానుక పెట్టెలో వేయవద్దు. పుదీనా, సోపు, జీలకర్రలో పదో వంతు లెక్కగా చెల్లించి న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసిన వాళ్లను ప్రభువు ఎంత గట్టిగా మందలించాడో మత్తయి 23లో ఉంది.

ఇరుగుపొరుగు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, నువ్వు మర్యాద తెలిసినవాడివి. బోనాల ప్రసాదం ఇచ్చినప్పుడు నీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే చేతులు జోడించి మెల్లగా చెప్పు, వాదన పెట్టుకోకు. పక్కింటివాళ్లు రంజాన్ ఉపవాసంలో ఉంటే వాళ్ల ముందు టీ తాగకు. మన సేవంతా మనమే చేశామన్న గర్వం కూడా వద్దు. డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ గారు కుష్ఠు రోగులకు ఆసుపత్రి కట్టించడానికి చేయూతనిచ్చిన దాత నర్సాగౌడ్ అనే హిందువు.

ఒంటరిగా నడవకు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టు సంఘస్థులు ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి పన్నెండు మందికి ఒకరి చొప్పున పెద్దను పెట్టి వారం వారం పెన్నీ వసూలు చేశారు. ఇల్లిల్లూ తిరిగిన ఆ పెద్దలకు ఎవరి బతుకు ఎలా ఉందో తెలిసిపోయింది. దాంతో వాళ్ల నాయకుడు జాన్ వెస్లీ దాన్నే ఆత్మల యోగక్షేమం కనుక్కునే కూటంగా మార్చాడు. నీకు పన్నెండు మంది అక్కరలేదు. రసీదుల గురించీ, కోపం గురించీ, రాత్రి ఫోనులో ఏమి చూస్తున్నావన్న దాని గురించీ మొహమాటం లేకుండా అడిగే ఒక్క స్నేహితుడు చాలు. ఆ రసీదుల సలహా ఇచ్చిన అబ్బాయిని మాత్రం దూరం పెట్టకు. నువ్వు రాయకపోవడం చూసి అతనూ ఆగవచ్చు.

ఇక అన్నిటికంటే కష్టమైనది. మీ అమ్మ ఫోను చేసింది. నీకు సంబంధాలు చూస్తున్నారట. "మనవాళ్లే కావాలి, అబ్బాయి జీతానికి తగ్గట్టు పెడతామన్నారు" అంది. బాబూ, ఇక్కడే నీ ఆశ ఎంత నిజమో తేలుతుంది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర మనమంతా పక్కపక్కన మోకరిస్తాం. ఒకే రొట్టె, ఒకే పాత్ర. పక్కన మోకరించినది ఎవరని అక్కడ ఎవరూ అడగరు. పెళ్లి మాట వచ్చేసరికి అదే మనుషులు ముందుగా కులం అడుగుతారు. క్రీస్తులో యూదుడనీ గ్రీసు దేశస్థుడనీ లేదని చెప్పే వాక్యం మన ఇళ్లలో కంఠతా వచ్చు, పెళ్లిచూపుల రోజు ఎవరికీ గుర్తుండదు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమని 1961 నుంచి చట్టం ఉంది. చట్టం లేకపోయినా విశ్వాసి తీసుకోకూడదు. పేరు మార్చి కారు, స్థలం, అమ్మాయి పేరున డిపాజిట్టు అంటారు, ఒప్పుకోకు. అడక్కుండా ఇస్తున్నారు కదా అంటారు. అడగనిదే ఏ తండ్రీ తాకట్టు పెట్టడు. నువ్వు ఊళ్లకు తిరిగి పది కూటాల్లో ప్రసంగించడం కన్నా, మన కుటుంబంలో ఒక్క పెళ్లి కట్నం లేకుండా, కులం అడగకుండా జరిగితే దేవుని రాజ్యం గురించి మన బంధువులకు ఎక్కువ తెలుస్తుందని నా గట్టి నమ్మకం.

ఇంట్లో గొడవ అవుతుంది. అయినా గొంతు పెంచకు. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ ఆ రోజు కూడా ఉంటుంది. ఒకే మాట నెమ్మదిగా, మార్చకుండా చెప్పు.

ఏడాది ఇలా గడిపాక కూడా సేవ భారం నీలో తగ్గకపోతే, పాస్టరు గారి దగ్గరికి పెదనాన్న, నేను నీతో కలిసి వస్తాం. సెమినరీ ఖర్చు సంగతి అప్పుడు చూద్దాం. ఈలోగా మీ అమ్మతో నేను మాట్లాడతాను, నా మాట వింటుంది. నాన్నతో మాత్రం నువ్వే మాట్లాడాలి. ఫోనులో వద్దు, రైలెక్కి ఊరికి వెళ్లు.

ప్రేమతో,
నీ పెద్దమ్మ