ఏ టేకు? ఏ తూనీగ?

ప్రశ్న: 'ఒక టేకు చేపనూ ఒక కీటకాన్నీ వర్గీకరణ, సంరక్షణ స్థితి పరంగా పోల్చండి' అని మా అమ్మాయికి బడిలో ప్రాజెక్టు ఇచ్చారు. రెండూ జంతువులన్న మాట తప్ప పోలిక ఏముంది? టేకులు అంతరించిపోతున్నాయంటారు, మా మార్కెట్‌లో దొరుకుతూనే ఉన్నాయి.
– ఒక తల్లి, భవానీపురం, విజయవాడ

జవాబు: మీరు సరిగ్గానే పట్టుకున్నారమ్మా. పోలిక జంతు రాజ్యం దగ్గరే ఆగిపోతుంది. టేకుది వెన్నెముక ఉన్న కార్డేటా వర్గం, అందులోనూ ఎముకకు బదులు మృదులాస్థి ఉండే చేపల విభాగం. కీటకాలది కీళ్ల కాళ్లుండే ఆర్థ్రోపొడా. ఇంతవరకూ పుస్తకంలో దొరుకుతుంది.

తిరకాసంతా రెండో సగంలో ఉంది. సంరక్షణ స్థితిని, అంటే అంతరించే ముప్పు ఎంతో చెప్పే మెట్టును, జాతికి ఇస్తారు, గుంపుకు కాదు. ఉత్త 'టేకు చేప' అని రాస్తే నేనైతే మార్కులు వేయను. ఏ టేకు? రంపపు మూతి ఉండే ప్రిస్టిస్ ప్రిస్టిస్‌ను తీసుకోమనండి. చాలామంది దాన్ని సొర అనుకుంటారు. సొరకు మొప్ప చీలికలు పక్కల ఉంటాయి, దీనికి అడుగున ఉంటాయి కనుక టేకే. (మార్కెట్‌లో ఏ టేకునైనా తిరగేసి చూపించండి, అమ్మేవాళ్లు విసుక్కున్నా సరే.) ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం) ఎర్ర జాబితాలో ఇది అత్యంత ప్రమాదపు మెట్టు మీద ఉంది. రంపం పళ్లు ఏ వలకైనా చిక్కుకుంటాయి. ఈనే ఈడు రావడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది, కనేది కొద్ది పిల్లలనే. మన దేశంలో 2001 నుంచి దీన్ని పట్టడం, అమ్మడం నేరం. మీకు దొరికేది వేరే టేకు అయి ఉంటుంది. అలాగని వాటికీ భరోసా లేదు: సొర, టేకు జాతుల్లో మూడో వంతు దాకా ప్రమాదంలోనే ఉన్నాయి, ముఖ్య కారణం అతిగా పట్టడం.

కీటకం కోసం దూరం పోనక్కర్లేదు. వానలు పడ్డాక కృష్ణ ఒడ్డున పద్మావతి ఘాట్ దగ్గర గుంపులుగా తిరిగే పసుపు తూనీగ చాలు. పేరు పాంటలా ఫ్లావెసెన్స్, 1798లో కీటక శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ పెట్టినది. ఒడొనేటా క్రమం, లిబెల్లులిడే కుటుంబం. వాన నీటి గుంటలో గుడ్డు పెడితే నెలన్నర, రెండు నెలల్లో రెక్కలొస్తాయి. గాలివాటున హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా చేరుతుంది. ఎర్ర జాబితా దీన్ని ఆందోళన అక్కరలేని జాతి అంటుంది.

అయితే 'కీటకాలు క్షేమం' అని మాత్రం రాయనివ్వకండి. పేరు పెట్టిన కీటక జాతులు దాదాపు పది లక్షలు, జాబితా వాళ్లు మదింపు చేసింది అందులో పిసరంత. మీ అమ్మాయి తూనీగను వదిలి మరో పురుగును ఎంచుకుని, అది జాబితాలో కనిపించకపోతే, సంరక్షణ స్థితి దగ్గర 'ఇంకా మదింపు కాలేదు' అని రాయమనండి. అదీ సరైన జవాబే.