పుస్తకం తెరిచే ముందు తేదీ చూడు

తెనాలి,
2025 ఆగస్టు

చి. సింధుకి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, సింధు ఉద్యోగం మానేసి లా చదువుతానంటోంది. జడ్జి అవుతుందట. నువ్వైనా చెప్పు" అన్నాడు. సరే చెప్తానన్నాను. మానమని చెప్పాలన్నది వాడి ఉద్దేశమని ఫోన్ పెట్టేశాక అర్థమైంది. ఆ మాట నేను చెప్పను. మన ఇంట్లో నల్లకోటు వేసుకునే రెండో మనిషివి నువ్వే అవుతావని తలుచుకుంటూ చాలాసేపు వసారాలోనే కూర్చున్నాను. సంతోషం పట్టలేకపోయాను. దాని వెనకే భయం కూడా వచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు నీ జడ్జి ఉద్యోగం సంగతి. మూడేళ్ల లా అయిపోగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసేస్తానని మీ నాన్నతో అన్నావట. మొన్న మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూశావా? ఆ పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు వకీలుగా పనిచేసి ఉండాలని మళ్లీ తెచ్చారు. ఆ మూడేళ్లూ బార్ కౌన్సిల్‌లో వకీలుగా తాత్కాలికంగా పేరు నమోదైన రోజు, అంటే ప్రొవిజనల్‌గా ఎన్‌రోల్ అయిన రోజు నుంచి లెక్క. పదేళ్ల ప్రాక్టీసున్న వకీలు సర్టిఫికెట్ ఇవ్వాలి. దాన్ని కోర్టు ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. అంటే నీ లెక్కలో మూడేళ్లు తప్పాయి. ఇది చెడ్డ వార్త అనుకోకు. ఆ మూడేళ్లు కోర్టు వరండాల్లో నిలబడి, గుమాస్తాల దగ్గర, కక్షిదారుల దగ్గర నేర్చుకున్నది ఏ కోచింగ్ సెంటరూ నేర్పదు. నువ్వు పరీక్షకి వెళ్లే నాటికి ఈ రూలు ఇలాగే ఉంటుందని కూడా అనుకోకు. అప్పుడు మళ్లీ చూసుకో.

ఎన్‌రోల్‌మెంట్ ఫీజుకి వేలకు వేలు దాచుకోమని ఎవరైనా చెబితే, 2024 జులై 30 తీర్పు చదవమను. అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 24లో ఉన్న రూ. 750 మించి తీసుకోకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సీ, ఎస్టీలకి రూ. 125. మా రోజుల్లో కాళ్లకి చెప్పులు సరిగ్గా లేని పిల్లలు ఈ ఫీజుల దగ్గరే ఆగిపోయారు. ఆ తీర్పు చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

ఇక చదువు. బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని అసలు చట్టం పుస్తకం, చదవకుండా గైడ్ ముట్టుకోకు. సెక్షన్ చదివితే దాని ప్రొవైజో (షరతు), ఎక్స్‌ప్లనేషన్ కూడా చదువు. నిర్వచనాల సెక్షన్ వదిలెయ్యకు. తీర్పులో ముందు వాస్తవాలు చదువు, హెడ్‌నోట్ చదివి తీర్పు చదివానని ఎక్కడా అనకు. హెడ్‌నోట్ అంటే తీర్పు పైన వేసే సారాంశం, దాన్ని రాసేది జడ్జి కాదు. ఎంతమంది జడ్జీల బెంచో పుస్తకంలో పక్కనే రాసుకో. ఇవన్నీ మీ మాస్టార్లే చెబుతారు, నేను సాగదీయను.

నేను సాగదీయాల్సింది ఒకటుంది.

1988లో నాకు ప్రాక్టీసు మొదలై మూడేళ్లు. మా సీనియర్ గారి ఆఫీసులో చిన్న సివిల్ దావాలు నా చేతికి వదిలేసేవారు. ఒక రోజు ఇరవై రెండేళ్ల అమ్మాయి వచ్చింది. ముందు సంవత్సరం తండ్రి పోయాడు. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రి జబ్బుతో మంచాన ఉండటం వల్ల ఆ పిల్లకి పెళ్లి కాలేదు. పిత్రార్జితం నాలుగెకరాల మాగాణి. అన్న ఒక్కడే, మొత్తం తనే దున్నుకుంటున్నాడు. ఓణీ కొంగుకి కట్టిన ముడి విప్పి రెండు వందల రూపాయలు తీసి నా బల్ల మీద పెట్టింది. నోట్లు చెమటకి మెత్తబడి ఉన్నాయి.

నా దగ్గర హిందూ వారసత్వ చట్టం బేర్ యాక్ట్ ఉండేది. విజయవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల కొట్లో కొన్నది, ఆకుపచ్చ అట్ట. అది తెరిచి, సెక్షన్ 6 చూసి లెక్క కట్టాను. తండ్రి, కొడుకు చెరి సగం. తండ్రి సగంలో మళ్లీ కొడుక్కీ కూతురికీ చెరి సగం. అమ్మాయికి నాలుగో వంతు. నాలుగెకరాల్లో ఒక ఎకరం. దావా వేశాను. రెండో వాయిదాకే అవతలి వకీలు రాజీకి వస్తామన్నారు. ఎకరం ఇచ్చేస్తామన్నారు. ఒక్క మాట బేరం ఆడలేదు. నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. ఇంత తొందరగా తెగిందని గర్వపడ్డాను. రాజీ పత్రం నేనే రాశాను, ఆ అమ్మాయి సంతకం పెట్టింది, కోర్టు డిక్రీ ఇచ్చింది.

నాలుగు నెలల తర్వాత ఇంకో భాగం దావా వచ్చింది. సీనియర్ గారు డిక్టేషన్ చెబుతూ మధ్యలో, "29-ఎ కూడా రాయమ్మా, పెళ్లికాని కూతురు కదా" అన్నారు. 29-ఎ ఏంటండీ అని అడిగాను. ఆయన తలెత్తి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆఫీసు మూల లా జర్నల్ కట్టలు ఉండేవి. వాటిని విప్పి, సవరణలు పుస్తకాల్లో అంటించే పని నాదే. వాటిలో ఒక కట్టకి నేను దారం కూడా విప్పలేదు. విప్పాను. హిందూ వారసత్వ చట్టంలో 29-ఎ సెక్షన్ చేరుస్తూ మన రాష్ట్రం 1986లో తెచ్చిన సవరణ చట్టం అందులో ఉంది. 1985 సెప్టెంబర్ 5 నుంచే అమల్లోకి వచ్చింది. కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది, ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకి తప్ప. దేశంలో కూతుళ్లకి కొడుకుల్లాగా ఈ హక్కు ముందు ఇచ్చింది మన రాష్ట్రమే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో వచ్చాయి.

లెక్క మళ్లీ కట్టాను. తండ్రి, కొడుకు, కూతురు, మూడు సమాన భాగాలు. తండ్రి భాగం పిల్లలిద్దరికీ చెరి సగం. అమ్మాయికి మొత్తంలో సగం. రెండెకరాలు.

నా ఆకుపచ్చ పుస్తకం ఆ సవరణకి ముందు అచ్చయింది. ఎప్పుడు అచ్చయిందో మొదటి పేజీ వెనక ఉంది. నేను ఎప్పుడూ చూడలేదు.

సరిదిద్దడానికి దారి ఉందేమోనని వారం రోజులు వెతికాను. రాజీ డిక్రీని రద్దు చేయమని వేరే దావా వేయడానికి వీల్లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 23 రూల్ 3-ఎ చెబుతుంది. చట్టం తెలియక ఒప్పుకున్నామందామంటే, మన దేశంలో అమల్లో ఉన్న చట్టం విషయంలో పొరపాటు పడ్డామని ఒప్పందం నుంచి తప్పుకోలేమని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 21 చెబుతుంది. మోసం జరిగిందందామా, అన్న ఏ మోసమూ చేయలేదు. తప్పు నాది.

రెండు నెలలు ఆ అమ్మాయి ఊరు వెళ్లలేకపోయాను. తర్వాత వెళ్లాను. అరుగు మీద కుట్టు మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. మజ్జిగ ఇచ్చింది. మొత్తం చెప్పాను. మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపి, "ఇప్పుడు అడిగితే వస్తుందా మేడమ్?" అంది. రాదన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే మా అన్నకి ఈ సంగతి తెలియనివ్వకండి" అంది. ఎందుకో నేను అడగలేదు. ఫీజు వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ ఎకరం ఇవాళ ఎంత చేస్తుందో నీకు రాయను. మన వైపు భూముల ధరలు నీకూ తెలుసు.

2005లో పార్లమెంటు దేశం మొత్తానికీ ఈ హక్కు ఇచ్చినప్పుడు మళ్లీ ఆశగా చదివాను. 2004 డిసెంబర్ 20కి ముందు కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలని కదిలించకూడదని సెక్షన్ 6లోనే రాశారు. ఆ తలుపూ మూసుకుంది.

ఇందుకే, సింధూ, ఏ పుస్తకమైనా తెరిచే ముందు తేదీ చూడు. సెక్షన్ దొరికిందని సంబరపడకు. ఈ రోజుకి ఈ సెక్షన్ ఇలాగే ఉందా, రాష్ట్ర సవరణ ఉందా, ఈ తీర్పుని తర్వాత ఎవరైనా కొట్టేశారా అని అడుగు. ఇదే కూతుళ్ల హక్కు చూడు. 2005 సవరణ అమల్లోకి వచ్చిన సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే హక్కని 2015లో ఫూలవతి కేసులో ఇద్దరు జడ్జీలు చెప్పారు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీలు అది తప్పన్నారు, హక్కు పుట్టుకతో వచ్చేదే అన్నారు. ఆ ఐదేళ్లలో మీకు రాదమ్మా అని చెప్పించుకుని ఇంటికి వెళ్లిన ఆడపిల్లలు ఎంతమందో. 2020 తర్వాత కూడా పాత తీర్పే పట్టుకుని వచ్చిన వకీళ్లని నా కళ్లతో చూశాను.

ఎస్సీ వర్గీకరణ అంతే. మన రాష్ట్రం 2000లో చేసిన చట్టాన్ని 2004లో చిన్నయ్య కేసులో ఐదుగురు జడ్జీలు కొట్టేశారు. ఇరవై ఏళ్లు ఆ తీర్పే చట్టంగా నడిచింది. 2024 ఆగస్టు 1న ఏడుగురి బెంచ్ 6-1తో దాన్ని తిరగరాసింది. స్టేలు ఆరు నెలలకి వాటంతటవే పోతాయన్న 2018 తీర్పునీ 2024 ఫిబ్రవరిలో ఐదుగురు కొట్టేశారు.

నువ్వు చేరే సమయం ఇంకా జాగ్రత్తగా ఉండాల్సిన సమయం. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ చట్టం పోయి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి. కానీ ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి శిక్ష పాత ఐపీసీ ప్రకారమే. అంటే రెండూ రావాలి. మాకు సీఆర్‌పీసీ 482 అంటే హైకోర్టులో కేసు కొట్టేయమని వేసే పిటిషన్. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిల్, కొట్టేయమని అడిగేది 528. హత్యకి 302 కాదు, 103. న్యాయ సంహితలో 303 దొంగతనం. నలభై ఏళ్ల అలవాటు, నా నోరే పొరపాటు పడుతోంది. పిటిషన్ రాసేటప్పుడు సెక్షన్ పక్కన చట్టం పేరు, నేరం జరిగిన తేదీ రాసుకోకుండా కలం కదపను. నువ్వూ అలాగే చెయ్యి.

పోయిన సంవత్సరం మన ఫ్యామిలీ గ్రూపులో "కూతుళ్లకి ఆస్తి హక్కు లేదు: సుప్రీంకోర్టు" అని ఒక ఫోటో ఫార్వర్డ్ చేశావు. ఎవరి ఆస్తి, స్వార్జితమా పిత్రార్జితమా, వీలునామా ఉందా, ఏ బెంచ్, ఏ తేదీ, ఏమీ లేదు. అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు లా చదువుతానన్నావు కాబట్టి ఊరుకోను. సుప్రీంకోర్టు తీర్పులు ఇ-ఎస్‌సీఆర్ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టకుండా దొరుకుతాయి, కొన్ని తెలుగులో కూడా. చట్టాలకి ఇండియా కోడ్ వెబ్‌సైట్ ఉంది. మేం ఒక్క సైటేషన్ (పాత తీర్పు వివరం) కోసం బస్సెక్కి గుంటూరు బార్ లైబ్రరీకి వెళ్లి, ఏఐఆర్, ఏఎల్‌టీ తీర్పుల సంపుటాలు దులిపి, చేత్తో రాసుకుని వచ్చేవాళ్లం. నీకు మంచం మీదే దొరుకుతోంది. తెరిచి చదవడానికి బద్ధకం ఎందుకే?

ఏఐని అడిగితే క్షణంలో చెప్పేస్తుందట కదా. 2023లో న్యూయార్క్‌లో ఒక వకీలు అలాగే చాట్‌జీపీటీని అడిగి, అసలు లేనే లేని కేసులు కోర్టులో వేశాడు. ఐదు వేల డాలర్ల జరిమానా పడింది. నువ్వు అడగొద్దని అనను. అది చెప్పిన ప్రతి కేసునీ కోర్టు వెబ్‌సైట్‌లో నీ చేత్తో తెరిచి, నీ కళ్లతో చదివాకే నోట్స్‌లో రాయి. లేకపోతే రాయకు.

టెన్షన్ పెట్టేస్తున్నానా? ఏం చెయ్యను, నాకున్న భయమే ఇది. చదువుతూ తిండి మానెయ్యకు. హాస్టల్లో టిఫిన్ బాగోకపోతే మీ నాన్నకి కాదు, నాకు చెప్పు. కాలేజీ ఫీజు సగం నేను కడతానని వాడితో చెప్పాను. వాడు గొణుగుతాడు, పట్టించుకోకు.

దసరా సెలవులకి రా. కొత్త బేర్ యాక్ట్‌లు తెప్పించి ఉంచుతాను. సవరణ వచ్చిన రోజే కాగితం కత్తిరించి, సెక్షన్ పక్కన ఒక అంచు మాత్రమే అంటించాలి, కింది అక్షరాలు కూడా కనబడేలా. అది ఎలాగో చూపిస్తాను. నా బీరువాలో ఏ పుస్తకం కావాలన్నా తీసుకెళ్లు. ఆకుపచ్చ అట్టది మాత్రం అడగకు. అది నా దగ్గరే ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య